టీవీ అని చెప్పి బిగించిన అద్దం

ఆ అద్దం చేయాలని నాకు బుద్ధి పుట్టింది సరదా కొద్దీ కాదు, కోపం కొద్దీ. మా అమ్మ మీద కోపం. ఆమె అద్దం చూసుకోవడం మానేసి అప్పటికి రెండేళ్ళు దాటింది.

మాది పురానాపూల్ పక్కన ఒక గల్లీ. ఇంటి వెనక కొట్టంలో బర్రెలు, ముందు వరండాలో పాల క్యాన్లు. తాతల నాటి పాల వ్యాపారం. బాపు, అంటే మా నాన్న, పోయాక కూడా అమ్మ దాన్ని ఆపలేదు. నేను ఒక సర్కారు కంపెనీలో మీటర్లు బాగుచేసే సెక్షన్‌లో టెక్నీషియన్ని. నా భర్త సిటీ బస్సు డ్రైవరు. పెళ్ళయ్యాక నేను అతని ఇంటికి పోలేదు, అతనే మా ఇంటికి వచ్చాడు. ఎంత ట్రాఫిక్‌లోనైనా బస్సు దూర్చే మనిషి, బర్రెలంటే మాత్రం ఇప్పటికీ భయం.

బాపు ఉన్న రోజుల్లో మా ఇంట్లో అద్దం అంటే బీరువా అద్దమే. దాని నిండా అమ్మ బొట్టుబిళ్ళలు ఉండేవి. ఆడవాళ్ళున్న ఏ ఇంట్లోనైనా అంతే కదా. ముఖం కడుక్కునే ముందు నుదుటి మీది బిళ్ళ తీసి అద్దానికి అంటించడం, మళ్ళీ తీసి పెట్టుకోవడం. జిగురు చచ్చేదాకా ఆ బిళ్ళకు సెలవుండదు. బాపు గడ్డం గీసుకుంటుంటే అద్దంలో ఆయన చెంపల మీద, ముక్కు మీద, మీసం మీద అమ్మ బొట్లే. తల అటూ ఇటూ తిప్పి ఖాళీ జాగా వెతుక్కునేవాడు. ఒకసారి ఆయన భుజం మీది తువాలుకు ఒక బిళ్ళ అంటుకుంటే అలాగే పాలు పోయడానికి పోయాడు. గల్లీ అంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు గానీ దాన్ని సాయంత్రం దాకా తీయలేదు.

ఆయన పోయిన పదో రోజున, వచ్చిన చుట్టాల్లో ఎవరో తడిబట్టతో బీరువా అద్దాన్ని శుభ్రంగా తుడిచేశారు. మంచికే అనుకుని ఉంటారు. అమ్మ చూసింది. ఆ మర్నాటి నుంచి గోడ వైపు తిరిగి తల దువ్వుకోవడం మొదలుపెట్టింది. నేను ఊరుకునే రకాన్ని కాను. బొట్టు పెట్టుకోమని చెప్పాను, బతిమాలాను, కొత్త ప్యాకెట్ తెచ్చి ముందు పెట్టాను, చివరికి కొట్లాడాను.

"నాకు ఇగ అద్దమెందుకే," అంది అమ్మ. "బొట్టు పెట్టుకోని పాలు పొయ్యనీకె నిలబడితె నలుగురు ఏమంటరు?"

ఆ నలుగురి పేర్లు చెప్పమన్నాను. చెప్పలేదు. ఆ నలుగురూ ఎప్పుడూ ఇంతే. గల్లీలో ఎక్కడా కనబడరు, ఇంట్లో మాత్రం మకాం వేసి ఉంటారు.

అమ్మ ఎవరికి భయపడిందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ పొద్దున్నే ఆమె గోడకు మొహం పెట్టి దువ్వెన పట్టుకోవడం చూస్తే ఆ గోడను పడగొట్టాలనిపించేది. ఆమె తన ముఖం తాను మళ్ళీ చూసుకోవాలి, నాకు కావలసింది అంతే. బొట్టు సంగతి తర్వాత.

అలాంటి రోజుల్లో మా సెక్షన్‌లో ఒకామె ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. ఎవరో ఇంట్లోనే తయారుచేసుకున్న అద్దం. వెనక కంప్యూటర్ తెర, ముందు ఒక రకం గాజు. తెరలో నల్లగా ఉన్నచోట అద్దంలా ముఖం కనబడుతుంది, తెల్లటి అక్షరాలు ఉన్నచోట అవి గాజు లోంచి బయటికి వెలుగుతాయి. టైము, ఎండా వానా, పాటలు, ఏది కావాలన్నా వేలితో తాకితే చాలు. మిగతావాళ్ళు ధర ఎంత ఉంటుందని అడుగుతున్నారు. నాకు మాత్రం అమ్మ గుర్తొచ్చింది. అద్దం చూడమంటే చూడదు. టీవీ చూడమంటే ఎందుకు చూడదు?

నా భర్తకు చెబితే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నాడు. అప్పటికి నా దగ్గర ఉన్నది పాత సామాన్ల దుకాణంలో కొన్న ఒక తెర, అది కూడా ఒక మూల గీతలు పడింది. గాజు విషయంలో తెలివి చూపించబోయాను. కార్ల అద్దాలకు అంటించే నల్ల ఫిల్మ్ తెచ్చి మామూలు గాజుకు అంటించాను. దాని కింద బుడగలు పొంగాయి. అందులో నా భర్త తన ముఖం చూసుకుని, తనకు అమ్మవారు పోసినట్టుందని పక్కింటి వాళ్ళకు కూడా చెప్పి వచ్చాడు. ఆ గాజు తీసి బర్రెల కొట్టం కిటికీకి బిగించాను, ఈసారి బుద్ధిగా అసలు గాజే కొన్నాను.

చట్రం కోసం మొఘల్‌పురాలో మాకు తెలిసిన వడ్రంగి దగ్గరికి పోయాను. పెళ్ళిళ్ళకు డ్రెస్సింగ్ టేబుళ్ళు చేసే మనిషి. నేను చెప్పింది విని గడ్డం గోక్కున్నాడు. "ఐనే మే టీవీ, యా టీవీ మే ఐనా, ఆపా?" అని అడిగాడు. అద్దంలో టీవీనా, టీవీలో అద్దమా అక్కా అని. రెండూ అన్నాను. ఎంత ఎత్తులో గోడకు వస్తుందని అడిగితే, నా భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. అంత కిందనా అన్నాడు. మా అమ్మ ఎత్తు అంతే భాయ్ అన్నాను. అమ్మ కోసమని ముందే చెప్పొద్దా అని అప్పటిదాకా గీసిన గీతలన్నీ చెరిపేసి, పట్టుకుని నిలబడినా చేతికి గుచ్చుకోకుండా మూలలన్నీ గుండ్రంగా చెక్కి ఇచ్చాడు. ఇల్లు చేరేదాకా ఆ చట్రాన్ని ఆటోలో ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను.

తాకితే పలికే పనికి వేరే ఒక పట్టీ ఉంటుంది. నాలుగు వైపులా గాజు అంచుకు బిగిస్తే, కంటికి కనబడని వెలుతురు గీతలు గాజుకు కాస్త పైన అడ్డంగా నిలువుగా పరుచుకుంటాయి. ఆ గీతలకు ఏది అడ్డం వచ్చినా అది వేలే అనుకుంటుంది. అంతకు మించి దానికి తెలివి లేదు. సంతోష్‌నగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే ఒక దుకాణంలో దాన్ని తెప్పించుకున్నాను. చిన్న కంప్యూటర్ కార్డు ఒకటి వెనక అతికించి, సెలవు రోజులన్నీ దాని ముందే కూర్చుని ఏ మీట ఎక్కడ ఉండాలో రాసుకున్నాను. పైన కుడి మూల భజనలు. కింద ఎడమ మూల జనగామలో ఉండే మా పెద్దమ్మకు ఫోన్, మాట మాత్రమే, బొమ్మ రాదు. పైన టైము, తిథి, వాన వస్తుందా రాదా. నడుమ ఏమీ పెట్టలేదు. అంత జాగా ఖాళీగా ఎందుకు వదిలావని నా భర్త అడిగాడు. అక్కడ అమ్మ ముఖం వస్తుందని చెప్పాను. అతను డ్రిల్లు తెచ్చి గోడకు బెజ్జాలు వేశాడు. తర్వాత తను గడ్డం గీసుకోవాలంటే మోకాళ్ళు వంచి నిలబడాల్సి వచ్చినా కిమ్మనలేదు.

అమ్మకు అది టీవీ అని చెప్పాను. అమ్మ దూరం నుంచే చూసి, మంచిగుంది అంది. మర్నాడు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి నా టీవీకి గౌను తొడిగి ఉంది. పాత చీర చింపి, అంచుకు లేసు కుట్టి, అమ్మ దానికి కవరు చేసింది. టీవీ అన్నాక దుమ్ము పడకుండా గుడ్డ కప్పాలి కదా అంది. మా ఇంట్లో ఫ్రిజ్జుకు, మిక్సీకి, కుట్టుమిషనుకు అన్నిటికీ అలాంటి గౌనులే ఉన్నాయి. చట్రం అంచు ఎత్తుగా ఉండడం వల్ల గుడ్డ గాజుకు తగిలేది కాదు. భజన కావాలంటే అమ్మ ఆ కుడి మూల మాత్రం గుడ్డ ఎత్తి, పక్కకు నిలబడి, కాలే పెనాన్ని ముట్టుకున్నట్టు ముట్టుకుని చెయ్యి లాగేసుకునేది. అద్దాన్ని టీవీ అన్నందుకు నాకు తగిన శాస్తే జరిగింది.

ఇది చాలదన్నట్టు అద్దానికి పిచ్చి పట్టింది. సాయంత్రమైతే చాలు, ఎవరూ ముట్టుకోకుండానే భజన మొదలయ్యేది. ఆగేది, మళ్ళీ మొదటి నుంచి అందుకునేది. పట్టీ ఊడదీసి సంతోష్‌నగర్ పట్టుకుపోయాను. దుకాణం అతని బల్ల మీద అది బంగారంలా పనిచేసింది. ఇంటికి తెచ్చి బిగించాను. సాయంత్రానికి మళ్ళీ భజన. మళ్ళీ పోయాను, మళ్ళీ బంగారం. మూడోసారి పోయినప్పుడు నా నోరు ఊరుకోలేదు, నాసిరకం మాల్ అంటగట్టావని దుకాణం ముందే లొల్లి పెట్టాను. అతను ఓపికగా విని, ఇంట్లో ఏదన్నా గాలి ఉందేమో చూపించుకో అక్కా అన్నాడు. అమ్మ కూడా అదే మాట వేరేగా అని, గుమ్మానికి నిమ్మకాయ కట్టింది. రోజంతా మీటర్ల తప్పులు పట్టే నాకు సొంత ఇంట్లో తప్పు దొరకలేదని అన్నం సయించలేదు.

ఆ సాయంత్రం భజన ఐదారుసార్లు తిరగబడేసరికి అమ్మ కొట్టంలోంచి చేతులు కడుక్కుని వచ్చింది. నేను తెర ముందు నేల మీద కూర్చుని ఉన్నాను. అమ్మ పైన కుడి మూలకు చూసి, గంత రాళ్ళ బొట్టు ఇట్ల అంటిస్తే రాళ్ళు రాలిపోవా అని గొణిగి, అక్కడున్న నా బొట్టుబిళ్ళను గోటితో తీసింది. భజన ఆగిపోయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అమ్మ బిళ్ళను మళ్ళీ అంటించింది. భజన మొదలైంది. తీసింది. ఆగింది.

డ్యూటీ నుంచి వచ్చి ముఖం కడుక్కోబోయే ముందు అలవాటు కొద్దీ నేనే రోజూ గౌను ఎత్తి, బిళ్ళ తీసి అక్కడ అంటిస్తున్నాను. పొద్దున్నే తీసి పెట్టుకుని దుకాణానికి పోతున్నాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, దొంగను నుదుటి మీద కూర్చోబెట్టుకుని ఆ దుకాణం అతనితో కొట్లాడాను. అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. అంటించి, తీసి, అంటించి, తీసి, చిన్నపిల్లలా ఆడింది. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. బాపు పోయాక ఆమె అలా నవ్వడం నేను మొదటిసారి చూశాను.

నవ్వు తగ్గాక అమ్మ ఆ బిళ్ళను వేలి మీదే ఉంచుకుని నిలబడింది. గౌను పక్కకు తీసి ఉంది. నడుమ నేను ఖాళీగా వదిలిన జాగాలో అమ్మ ముఖం ఉంది. ఆమె చూసింది. కొంచెం ఎక్కువసేపే చూసింది. తర్వాత నా వైపు తిరిగి ఆ బిళ్ళను నా నుదుటి మీద పెట్టి, గట్టిగా ఒత్తి, గౌను కప్పేసి బర్రెల దగ్గరికి వెళ్ళిపోయింది.

నా భర్త ఇది విని రెండు రోజులు నవ్వాడు. తర్వాత తన బస్సులో ఉండే హెచ్చరికల్లా ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో "ఇచ్చట బొట్లు అంటించరాదు" అని రాసి చట్రం పక్కన గోడకు అతికించాడు. నా బిళ్ళల కోసం పక్కనే ఒక స్టీలు గిన్నె కూడా పెట్టాడు. ఆ మాత్రం జాగ్రత్త అవసరమే అనుకున్నాను. అద్దం బాగుపడింది. భజనలు అడిగినప్పుడే వచ్చాయి. అమ్మ గౌను మాత్రం తీయలేదు. నేను ఓడిపోయాననే అనుకున్నాను.

కొన్ని వారాల తర్వాత పెద్దమ్మ నా ఫోన్‌కు ఫోన్ చేసి తిట్టింది. అమ్మ దినాం పొద్దుగాల ఫోన్ చేస్తుందట, ఎత్తితే మాట్లాడదట.

"పలుకుమంటె పలకదు," అంది పెద్దమ్మ. "దాని పాట అది పాడుకుంటది. నేనిక్కడ హలో హలో అనుకుంట కూసోవాలె."

పాటనా అని అడిగాను. పాటనే అంది. పెళ్ళి కాక ముందు ఇద్దరూ పుట్టింటి కొట్టంలో పని చేస్తూ పాడుకున్న పాటలట. అమ్మను అడిగితే, నేనెందుకు చేస్తానే ఫోన్, ఆ టీవీకే మళ్ళీ గాలి సోకింది అంది. నా ముఖం చూడకుండా అంది.

ఆదివారం అమ్మ దాణా కోసం పోయిన వేళ చూసి గౌను తీశాను. తెర మీద వేలు ఎక్కడ పడుతుందో చుక్కలా చూపించే పరీక్ష ఒకటి ఉంటుంది, దాన్ని పెట్టాను. ఎవరూ ముట్టుకోకుండానే కింద ఎడమ మూల చుక్క వెలిగింది. పెద్దమ్మ మీట ఉన్నది అక్కడే. మళ్ళీ నేనే ఎక్కడో మరిచిపోయి అంటించానేమో అని నన్ను నేను తిట్టుకుంటూ వంగి చూశాను.

ఒక చిన్న మెరూన్ రంగు బిళ్ళ. గుండ్రంగా, రాయి లేకుండా, మఖమలు గుడ్డతో చేసినది. నావి పొడుగు బొట్లు, రాళ్ళవి. గోటితో అంచు లేపాను. దాని కింద ఇంకొకటి. దాని కింద ఇంకొకటి. బయటికి ఒక్కటే కనబడేలా, ఒకదాని మీద ఒకటి సరిగ్గా అమర్చి ఉన్నాయి. నా రాళ్ళ బొట్టులా ఎత్తు లేవు కాబట్టి, ఒకటీ రెండూ ఉన్నప్పుడు గాజుకు అంటుకుపోయి ఉంటాయి, వెలుతురు గీతకు అందవు. జిగురు పోయిన బిళ్ళ మీదే కొత్త బిళ్ళ అంటిస్తూ పోగా పోగా ఆ దొంతర గీతను తాకింది. అంటే ఇది ఒక్కరోజు పని కాదు. నేను డ్యూటీకి బయలుదేరాక, నా భర్త బస్సు ఎక్కాక, అమ్మ రోజూ గౌను తీసి, బొట్టు పెట్టుకుని, తన ముఖం చూసుకుని, పాట పాడుకుంటూ మళ్ళీ బొట్టు తీసి అక్కడ దాచి, మేం వచ్చేసరికి ఉత్త నుదుటితో పాలు కొలుస్తోంది.

ఆ గోడ మీది కాగితం నా ముఖానికి ఎదురుగానే ఉంది. ఏ అద్దం ముందు అమ్మ బొట్టు పెట్టుకోవాలని నేను ఇంత తంటాలు పడ్డానో, ఆ అద్దం పక్కనే బొట్లు అంటించరాదని రాసి పెట్టుకున్నాం. సంతోషమూ వేసింది, సిగ్గూ వేసింది.

బిళ్ళలను ఉన్నవి ఉన్నట్టు మళ్ళీ ఆ మూలకే ఒత్తాను. కంప్యూటర్‌లో ఆ మూలను లెక్కలోంచి తీసేశాను, అక్కడ ఇక ఏది అడ్డం వచ్చినా అద్దం పట్టించుకోదు. పెద్దమ్మ మీటను పైకి జరిపాను. గోడ మీది కాగితం చింపి పొయ్యిలో వేసి, గౌను కప్పి, ఏమీ ఎరగనట్టు కూరగాయలు తరుగుతూ కూర్చున్నాను.

అమ్మకు తెలియకుండా ఎలా ఉంటుంది. రెండు రోజులాగి, పాల గిన్నెలు తోముతూ, నా వైపు చూడకుండా అడిగింది.

"గోడ మీది కాయిదం ఏమైందే?"

"చింపేసిన."

"గా కింది మూల ఒత్తితె పలుకుతలేదు."

"పలకదమ్మా. గా జాగ నీది. గాడ నువ్వేం అంటిచ్చినా అది ఏమనది."

అమ్మ చేతిలో గిన్నె ఆగింది. తర్వాత మళ్ళీ తోమడం మొదలుపెట్టింది, ముందుకన్నా గట్టిగా. నేను కూడా ఇంకేమీ అనలేదు. నాకు అది ఎంత కష్టమో నన్ను ఎరిగిన వాళ్ళకు తెలుసు.

మరో ఆదివారం పొద్దున వరండాలో క్యాన్ల మూతలు తీస్తున్నాను. అమ్మ లోపలి నుంచి వచ్చి ఎప్పటిలా పీట మీద కూర్చుని కొలత గ్లాసు చేతిలోకి తీసుకుంది. నుదుటి మీద మెరూన్ బొట్టు ఉంది. తల మాత్రం వంచుకునే ఉంది. నేను పక్కనే నిలబడ్డాను. నలుగురూ వచ్చే వేళ అది. ఎవరైనా ఒక్క మాట అంటే వాళ్ళ గిన్నె వాళ్ళ నెత్తినే బోర్లించడానికి సిద్ధంగా ఉన్నాను.

ఎదురింటామె వచ్చి, గ్లాసు నిండిందా లేదా అని దాని వైపే చూసి, పోయించుకుని పోయింది. రిటైరైన పెద్దాయన ఒకరు పేపర్ చదువుకుంటూ గిన్నె పట్టాడు, తల ఎత్తనే లేదు. మూడో ఆమె బిడ్డకు జ్వరమని తొందరలో ఉంది. నాలుగో మనిషిగా మూల మీది చాయ్ హోటల్ అతను వచ్చాడు. క్యాన్ ముందుకు జరిపి, అమ్మ వైపు చూసి, ఏదో అనబోయి ఆగాడు. నేను కొంగు దోపాను.

"అమ్మా, ఏమనుకోవద్దు," అన్నాడు. "రెండు దినాలసంది పాలు జర పల్చగొస్తున్నయ్."

అమ్మ గ్లాసు కింద పెట్టి, కొంగు వెనక్కి తోసి, తల పూర్తిగా పైకెత్తింది.

"ఇటు నా మొఖం జూసి చెప్పు," అంది. "నేను నీళ్ళు కలిపేదాని లెక్క కనబడుతున్ననా?"

అతను అమ్మ ముఖంలోకి చూశాడు. గిన్నెలు పట్టుకుని వెనక నిలబడ్డవాళ్ళు కూడా చూశారు.

"లేదమ్మా," అన్నాడు. "మంచిగనే ఉన్నవ్."